ఖాళీ చేతులు

"వదినా, కాస్త మెల్లగా తోము. నాకు అందడం లేదు," అంది ఆడపడుచు.

గిన్నె తోముతున్న వదిన చెయ్యి ఆగిపోయింది. తలతిప్పి చూస్తే, ఆడపడుచు సింకు పక్కన గట్టెక్కి కూర్చుని, కాళ్ళూపుకుంటూ, గాలిలో గిన్నె తోముతోంది. పీచు లేదు, సబ్బు లేదు, మసి అసలే లేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక 'త్వరగా తెమలవేం' అన్నవాళ్ళే గానీ మెల్లగా చెయ్యమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇన్నాళ్ళకు ఆ మాట విన్నందుకు మురిసిపోవాలో, గాలి గిన్నెకు సరిపోయేలా నిజం గిన్నె తోమాల్సి వచ్చినందుకు తల బాదుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆడపడుచు రాక్ సింగరు. ఎర్రరంగేసిన జుట్టు, తోలు జాకెట్టు, గొంతులో ఇసుక పోసినట్టు ఒక గరగర. మొదటి టీవీ పోటీలో చివరి నలుగురిదాకా వచ్చింది. ఆ తర్వాతి పోటీలో రెండో స్థానం. చుట్టాలు, చుట్టాల చుట్టాలు ఫోన్లు పట్టుకుని ఓట్లు గుద్దారు. కొన్నాళ్ళు కాలేజీల్లో, కంపెనీల పార్టీల్లో పాడింది. కానీ టీవీ వాళ్ళకు ఏడాదికో కొత్త కాపు కావాలి. పోయినేటి గాయనిని ఈ ఏడు ఎవరూ గుర్తుపట్టరు. పిలుపులు తగ్గి, ఇంట్లో అందరూ 'ఇక చాల్లే' అనుకుంటున్న సమయానికి ఒక నాటక కంపెనీ పిలిచింది. కథంతా పాటల్లోనే నడిచే నాటకం. అందులో ఇల్లాలి వేషం. అదే ముఖ్యపాత్ర.

రిహార్సల్ మొదటిరోజే దర్శకురాలు పెదవి విరిచిందట. "నీకు గొంతుందమ్మాయ్, చేతులే లేవు," అందట. నిజమే మరి. టీవీలో ఇన్నేళ్ళూ మైకు పట్టుకుని పాడిన చేతులవి. నాటకంలో మైకు బియ్యపుగింజంత. చెంపకు అంటిస్తారు. ఇక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆడపడుచు వాటిని కాసేపు నడుం మీద, కాసేపు వీపు వెనక దాచుకుందట. "ఇల్లాలి చేతులు రోజంతా ఏం చేస్తాయో వెళ్ళి చూసి రా," అని పంపేసింది దర్శకురాలు. చూడ్డానికి ఇల్లాలు ఎక్కడ దొరుకుతుంది? అన్నగారింట్లో ఒకామె సిద్ధంగా ఉందాయె. పెట్టె సర్దుకుని వచ్చేసింది.

వదినకు ఒళ్ళు మండింది. అవును, కుళ్ళే. దానికి ఇంకో పేరు పెట్టి బుజ్జగించుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఎందుకంటే ఆ మొదటి టీవీ పోటీకి వెళ్ళింది ఒక్కరు కాదు, ఇద్దరు. ఆడపడుచుకు తోడుగా వెళ్ళిన కొత్తకోడలు సరదాకి తనూ పేరిచ్చి, ఆడపడుచు బయట తన వంతుకోసం ఎదురుచూస్తుండగా, పుట్టింట్లో తానే కట్టుకున్న పాట ఒకటి లోపల పాడింది. ఇద్దరూ మొదటి వడపోత దాటారు. ఆ సాయంత్రం అత్తగారు కాఫీ తాగుతూ, "ఇంట్లో ఇద్దరూ పాటలు పాడుకుంటూ కూచుంటే పొయ్యెవరు వెలిగిస్తారే?" అంది. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. "అది చిన్నపిల్ల, దాని ముచ్చట తీరనీ. నీకేం తక్కువ చెప్పు?" అన్నాడు భర్త, ఎంతో ప్రేమగా. రెండో వడపోతకు కూడా ఆమె వెళ్ళింది. ఆడపడుచు లోపల పాడుతుంటే బయట గిటారు పెట్టె, జాకెట్టు, నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. ఆరోజు పట్టుకున్నవి ఇంకా దించలేదనే ఆమెకు అనిపిస్తుంది.

ఇప్పుడు అదే పిల్ల నీడలా వెంటపడుతోంది. తడిచేతులతో ఉన్నప్పుడు మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకోవడం, తువ్వాళ్ళు గడ్డం కింద అదిమిపట్టి మడతపెట్టడం, సొరుగును తుంటితో మూయడం, గదిలోకి ఎందుకొచ్చిందో మరిచి గుమ్మంలో ఆగిపోవడం, అన్నీ పట్టుకుపోతోంది. వదిన పనిచేస్తూ ఏదో కూనిరాగం తీస్తుంది. లోపల్నుంచి "ఏమోయ్, నా టవలేదీ?" అని వినబడగానే అది తెగిపోతుంది. ఆడపడుచు అప్పుడు కూడా తల వంచి, జాగ్రత్తగా వింటూ ఉంటుంది.

'నా బతుకంతా మూటగట్టి పట్టుకుపోతుంది ఈ మహాతల్లి,' అనుకుని ఒకరోజు వదిన కావాలనే ఎడంచేత్తో గిన్నెలు తోమింది. కత్తిపీట కూడా అడ్డదిడ్డంగా వాడింది. నేర్చుకో, తప్పు నేర్చుకుని స్టేజీ మీద నవ్వులపాలవ్వు. మర్నాడు పొద్దున్నే ఆడపడుచు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నిన్న ఎడంచేత్తో తోమావేం వదినా? కుడిచెయ్యి నొప్పిగా ఉందా?"

 ఆ ఇంట్లో వదిన చెయ్యి ఊడిపోయినా, గిన్నెలు తెల్లగా ఉంటే చాలు, ఎవరూ కనిపెట్టరు. కనిపెట్టిన ఒకే ఒక్క మనిషి ఈ పిల్ల కావడం ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. మనసారా కుళ్ళుకునే సుఖం కూడా దక్కనివ్వదు కదా, అని విసుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

నాటకం ఆదివారం మధ్యాహ్నం ఆట. అత్తగారు, భర్త, వదిన ముగ్గురికీ మూడో వరసలో సీట్లు. తెర లేచేసరికి స్టేజీ మీద వంటిల్లు. అందులో ఆడపడుచు మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది. సొరుగును తుంటితో మూసింది. హాలు ఘొల్లున నవ్వింది. గుమ్మంలో మరిచిపోయి ఆగింది. ఈసారి చప్పట్లు.

"చూశావా, ఒక్కనాడూ స్పూను కడిగిన పాపాన పోలేదు! ఎంత సహజంగా చేస్తోందో! అది పుట్టుకతో రావాలోయ్," అన్నాడు భర్త, భార్యను మోచేత్తో పొడుస్తూ.

అత్తగారు అప్పటికే కళ్ళొత్తుకుంటోంది. "పాపం ఆ ఇల్లాలు! మనిషిచేత గొడ్డుచాకిరీ చేయిస్తున్నారే! కాస్త ఆ నీళ్ళ సీసా ఇటివ్వు. నా శాలువా కూడా నీ దగ్గర పెట్టుకో."

వదిన సీసా ఇచ్చింది, శాలువా పెట్టుకుంది. తను చేస్తే పని. అది చేస్తే కళ. టిక్కెట్టు కొని మరీ చూస్తున్నారు. సరే, పోనీ, చేతులు పట్టుకుపోయింది, పోనీ అని ఆమె పళ్ళు బిగబట్టి కూర్చున్నంతలో స్టేజీ మీది ఇల్లాలు బట్టలు మడతపెడుతూ ఒక కూనిరాగం అందుకుంది. లోపల్నుంచి మొగుడి కేక. రాగం తెగింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ కేక. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ముక్కు చీదారు. వదిన మాత్రం కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. ఆ పాట తనది. పుట్టింట్లో కట్టుకుని, వడపోతలో పాడి, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా గిన్నెల చప్పుడు కింద దాచుకున్న పాట. ఇంత మంది ముందు అది ఆడపడుచు నోట్లోంచి వస్తోంది.

ఆట అయ్యాక మేకప్ గదికి వెళ్ళింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో సీసా, భుజం మీద శాలువా, చంకలో ఎవరో ఆడపడుచుకిచ్చిన పూలగుత్తి. 'అది నా పాట' అని ముఖం మీదే అనెయ్యాలని దారి పొడుగునా మాట కూడగట్టుకుంది. ఆడపడుచు రంగు తుడుచుకుంటూ అద్దంలోంచే చూసి ఎగిరి గంతేసింది.

"వదినా, నీకోసమే చూస్తున్నా! ఆ పాట మిగతాది ఏంటి? అన్నాళ్ళు నీ వెనకాలే తిరిగాను, ఒక్కసారన్నా చివరిదాకా పాడలేదు నువ్వు. డైరెక్టరమ్మ అడిగితే, మా వదినకే తెలీదేమో అన్నాను."

తెలీదేమో. తెలీదేమోనట! కూడగట్టుకున్న మాట ఎక్కడికో పోయింది. వదిన ఊపిరి పీల్చి నోరు తెరిచింది.

"ఏమోయ్, అమ్మ కారులో కూర్చుంది. పద పద," అన్నాడు భర్త గుమ్మంలోంచి.

తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది.

"అదిగో!" అంది ఆడపడుచు, వేలు చూపిస్తూ. ఆ గొంతులో వెటకారం లేదు. "సరిగ్గా అక్కడే ఆపుతావు వదినా, ఎప్పుడూ."

వదిన కాసేపు ఆ వేలిని చూసింది. తర్వాత గుమ్మం దగ్గరికి నడిచి, సంచీ భర్త చేతిలో పెట్టింది. సీసా పెట్టింది. శాలువా తీసి అతని భుజం మీద వేసింది. పూలగుత్తి పట్టడానికి అతనికి చెయ్యి మిగల్లేదు, చంకలో దూర్చింది.

"ఇవన్నీ నాకెందుకు?"

"పట్టుకోండి. పాట అయ్యేదాకా."

ఆడపడుచు గబగబా ఫోను తీసి రికార్డింగు నొక్కబోయింది. "అది లోపల పెట్టు," అంది వదిన. "నీకు నేర్పడానికి కాదు. ఊరికే విను."

గది మధ్యకు వచ్చి నిలబడింది. చేతులు ఖాళీ. వాటినేం చెయ్యాలో ఆమెకూ తెలియలేదు. అలాగే వదిలేసి, పాట మొదటినుంచి ఎత్తుకుంది.