సముద్రం ఎటు వైపు

మా ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తాడు గానీ, ఏడాదిగా ఇంట్లో మనిషి మాత్రం ఆయన కంటికి ఆనడం లేదు. గొడవలా అంటే లేవు. గొడవైతే నేనే చూసుకునేదాన్ని, నోటితో నన్ను గెలిచినవాళ్ళు ఇంకా పుట్టలేదు. ఇది గొడవ కాదు. పెడితే తింటాడు, అడిగితే ఊఁ అంటాడు, అంతే. నా కాపురం నా కళ్ళ ముందే చల్లారిపోతోంది.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, ఓడ మీద కారు దాటించి, ఉత్తరాన ఉన్న ఆ పెద్ద దీవి చుట్టూ కారులో తిరిగి రావాలనుంది, ప్లాన్ వేసిపెట్టమన్నాడు. నా ఉద్యోగమే అది. ట్రావెల్ ఆఫీసులో కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఏ దారిన పోవాలో, ఎక్కడ పడుకోవాలో రాసిస్తాను. పెళ్ళైన కొత్తలో ఆ దీవి బొమ్మ ఉన్న క్యాలెండర్‌ని, ఏడాది అయిపోయినా గోడ మీంచి తియ్యనివ్వలేదు ఈ మహానుభావుడు.

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆఫీసులో పక్క సీటు అక్కకి చెబితే, అన్నాళ్ళు ఒకే కారులో కూర్చుంటే చచ్చినట్టు మాట్లాడతాడులే అని నవ్వింది. నేనూ అదే నమ్మాను. ఈ ప్రయాణంతో నా కాపురం గట్టెక్కుతుందనుకున్నాను.

ఎవరికీ అంత శ్రద్ధగా ప్లాన్ వేసి ఎరుగను. భోజనాల బల్ల నిండా మ్యాపు పరిచాను. పడమటి తీరమంతా రాళ్ళూ రప్పలూ, ఒక్క బండి పట్టే దారి. పెట్రోలు బంకు కూడా ఉండదు. ఒంట్లో ఓపికున్నప్పుడే అది అయిపోవాలని ముందు పెట్టాను. ఉత్తరపు కొసన ఒక చిన్న బసకి ఫోన్ చేసి, సముద్రం కనబడే మూల గది ఇవ్వమని బతిమాలుకున్నాను. ఇక తిరగడం గడియారం ముల్లు తిరిగే వైపు. మన బండికి స్టీరింగు కుడివైపు కదా, అలా తిరిగితే సముద్రం ఎడమ పక్కకి, అంటే పక్క సీటు కిటికీలోకి వస్తుంది. నడిపేవాడు ఎలాగూ రోడ్డు చూడాలి. జంటలకి ఎప్పుడూ అలాగే రాస్తాను.

మరుసటి ఆదివారం చూపించాను. ఆయన చాలాసేపు చూసి, వేలితో దీవిని వెనక్కి చుట్టి, ఇలా తిరిగితే కుదరదా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీకేం, దర్జాగా సముద్రం చూస్తూ నడుపుతారు. పక్కనున్నదాని మొహాన కొండరాళ్ళేగా!"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. దుకాణంలో ఎవరైనా అలా తుడిస్తే అద్దానికి గీతలు పడతాయని కసురుకునే మనిషి. అప్పుడు తెలిసింది నాకు.

"పక్కన ఎవరూ ఉండరా?" అన్నాను.

"నువ్వు రాసినట్టు వెళ్తే, సముద్రం చూడాలన్నప్పుడల్లా నీ సీటు మీదుగా చూడాలి. అది నా వల్ల కాదు."

"తిరిగి ఇంటికొస్తారా?"

"నీతో అబద్ధం చెప్పలేను."

ప్రయాణం ఇద్దరికీ అని ఆయన ఏనాడూ అనలేదు. నేనే తగుదునమ్మా అని వెళ్ళి ఆ కారులో కూర్చున్నాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి, గుండె పగిలేలా ఏడ్చాను.

మ్యాపు చింపి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. అన్నం తిన్నాక స్టీరింగు పట్టుకుంటే ఆయనకి కునుకు వస్తుంది. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని సణిగి సణిగి మెలకువగా ఉంచింది నేనే. ఆ కొండదారుల్లో ఆయన పక్కన ఎవరు సణుగుతారు?

మళ్ళీ మొదలుపెట్టాను. దారి తిరగేశాను. పడమటి తీరం చివరికి వచ్చింది కనక దాని ముందు ఒక రోజు విశ్రాంతి పెట్టాను. మధ్యాహ్నాలు బండి తియ్యకుండా చూశాను. మూల గది వద్దని చెప్పి ఒక్కరికి సరిపడే గది అడిగాను. పక్కనుంటే నేను అనే మాటలన్నీ నా చేత్తోనే రాశాను. ఈ మలుపులో నిదానం. ఇక్కడ దిగి కాళ్ళు చాచుకోండి. గాలి విసురుగా ఉంటుంది, తలుపు గట్టిగా పట్టుకుని తియ్యండి. స్వెటర్ వెనక సీట్లో పెట్టాను, మొండికెయ్యకుండా వేసుకోండి.

చివర, ఓడ దిగి ఇవతలి ఒడ్డు చేరే చోట, అలవాటు కొద్దీ ‘ఇంటికి బయల్దేరగానే ఫోన్ చెయ్యండి’ అని రాసేశాను. దాన్ని ఒక్క అక్షరం కూడా కనబడకుండా కొట్టేశాను.

ఆయన నిలబడే అంతా చదివాడు. చివరి కాగితం దగ్గర ఆగాడు.

"ఇక్కడేదో కొట్టేశావే?"

"ఏం లేదు," అన్నాను. "దారి తప్పు రాశాను."