క్లబ్బు పాట దరువు

పైపు చివర బొటనవేలు అడ్డంపెట్టి బిక్షపతి గులాబీ మళ్లకు నీళ్లు చిమ్ముతుండగా, హాస్టల్ కామన్‌రూమ్ కిటికీలోంచి ఆ రికార్డు మళ్లీ మొదలైంది. ముందు ఒక ఆడదాని మూలుగు, తర్వాత సీసా మూత తీసిన చప్పుడు, ఆ వెంటనే డప్పు. బిక్షపతి నోట్లో పుల్లటి నీళ్లు ఊరాయి. ఉమ్మేసి, దాని మీద కాలితో మట్టి కప్పాడు.

పొట్టి మనిషి. ఎండకు మాడిన మెడ. ఏళ్ల తరబడి డప్పు మోసి కుడి భుజం కిందికి వాలింది. యూనివర్సిటీలో తోటమాలి పని దొరికాక కూడా తార్నాక వెనక వాడలో ఎవరు పోయినా శవం ముందు డప్పు కొడుతూ అతనే నడిచేవాడు.

నిరుడు అలాంటి ఒక సాగనంపులోనే పార్థసారథి అతన్ని చూశాడు. హాస్టల్లో ఉండే ఎం.ఏ. విద్యార్థి. స్నేహితులతో కలిసి పాట రికార్డు చేయిస్తున్నానని చెప్పి కారెక్కించుకుపోయాడు. బిక్షపతి పెళ్లి దరువు కొట్టాడు, వద్దన్నారు. జాతర దరువు కొట్టాడు, అదీ వద్దన్నారు. ఆ రోజు రోడ్డు మీద కొట్టిందే కావాలన్నారు. శవం లేని గదిలో ఆ దరువుకు చేతులు రాలేదు. కానీ చదువుకున్న పిల్లలు బతిమాలుతున్నారు, పైగా మన దరువు రేడియోలో వస్తుందేమోనన్న ఆశ. కొట్టాడు. దాని మీద క్లబ్బులో తాగి ఊగే జంటల పాట ఎక్కించారని రికార్డు వచ్చేదాకా తెలియలేదు.

ఇప్పుడు కాచిగూడ హోటళ్లలో అదే మోత. హాస్టల్లో తువ్వాళ్లు చుట్టుకుని అందరూ దానికే నడుములు తిప్పుతున్నారు. బూతు పాట అని వార్డెన్ ఒకసారి నిషేధించాడు. ఆ కాగితం మీద సంతకం పెడుతూ ఆయనే బల్ల మీద వేళ్లతో అదే దరువు వేయడం బిక్షపతి చూశాడు. థూ, ఎంత రోత మనుషులు!

పార్థసారథి పళ్లు తోముకుంటూ మళ్ల దగ్గరికి వచ్చాడు. రికార్డును బొంబాయి నుంచి కూడా అడుగుతున్నారని సంబరంగా చెప్పాడు.

"అది సావు దరువు, సారు," అన్నాడు బిక్షపతి.

"అందుకే అంత ఊపుంది," అని నవ్వాడు పార్థసారథి.

బిక్షపతి పైపును పక్క మడికి మార్చాడు. మనసంతా ఇంటి మీదే ఉంది. వానాకాలం నుంచి భార్య సాలమ్మ మంచం దిగలేదు. రికార్డు సంగతి ఆమెకు చెప్పలేదు. పొద్దున గంజి తాగిస్తుంటే భర్త చెయ్యి పట్టుకుంది.

"నాకు పరాయోళ్లు కొట్టొద్దు మావా. నువ్వే కొట్టాలె. నీ దరువు ఇనుకుంటనే పోత."

అతను తలూపి పనికి వచ్చాడు.

మధ్యాహ్నం పక్కింటి శివమ్మ తోట గేటు దగ్గర నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిక్షపతి నీళ్లు కట్టేసి ఆమె వెంట నడిచాడు.

ముషీరాబాద్ నుంచి సాలమ్మ తమ్ముళ్లు వచ్చి పాడె కట్టారు. గడ్డి మంట మీద డప్పు కాచి బావ భుజాన వేశారు. వాడ దాటేదాకా బిక్షపతి సాలమ్మ కోసమే కొట్టాడు. శవాలను పాతే బొందలగడ్డకు దారి మాత్రం హాస్టల్ ముందు నుంచే.

మలుపు తిరిగాడో లేదో, మేడ మీద ఈల వినబడింది. పాడె ఇంకా వెనకాలే ఉంది, వాళ్లకు ముందు కనబడింది డప్పే. ఒకడు గొంతు సన్నం చేసి రికార్డులోని మూలుగు మూలిగాడు. ఇద్దరు నడుములు తిప్పారు. పార్థసారథి పిట్టగోడ మీద వంగి గర్వంగా అందరికీ చూపించాడు.

"మన బిక్షపతే. రికార్డులో కొట్టింది ఇతనే."

చప్పట్లు దరువుతో సరిగ్గా కలిశాయి. అప్పుడు పాడె మలుపు తిరిగింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. ఒకడి నడుము మాత్రం ఇంకా ఆగలేదు.

బిక్షపతికి వాళ్ల కన్నా తన చేతుల మీదే ఎక్కువ అసహ్యం వేసింది. కొడుతున్నకొద్దీ అతని చెవుల్లోనూ ఆ మూలుగే వినబడుతోంది, సాలమ్మ వెనకనే ఉండగా. చేతులు దించేశాడు. బావమరిది డప్పు అందుకోబోతే ఇవ్వలేదు.

"పరాయోళ్లు కొట్టొద్దన్నది. నాతోని అయితలేదు."

డప్పు తీసి రోడ్డు వార గులాబీ మడిలో బోర్లించాడు. ఉత్త చేతులతో పాడె ముందు నడిచాడు. అందరూ అతని వెంట చప్పుడు లేకుండా కదిలారు.

పొద్దున అతను తడిపిన మట్టిలోని చెమ్మ, మంట మీద బిగిసిన ఆ తోలును మెల్లగా సడలిస్తోంది.