ఈనాక్ ముత్తాత చేతివాటం

ఆదివారం భోజనాల ముందు మేవిస్‌కీ తమ్ముడు రాయిస్‌కీ కుర్చీ దగ్గర పేచీ వచ్చింది. బల్లకు ఎడమ మూలనున్న కుర్చీలో మేవిస్ మొక్కజొన్న రొట్టెల బుట్ట పెట్టింది.

"తియ్యక్కా. అది పుర్రచేతివాళ్ల కుర్చీ."

"రొట్టెలకి ఏ చెయ్యైతే ఏంట్రా?"

ఆ ఇంట్లో అది చిన్న సంగతి కాదు. గోడమీద, పాతకాలంలో ఇనప రేకు మీద తీసిన ఫోటోలో ఈనాక్ ముత్తాత, అమెరికా అంతర్యుద్ధం నాటి ఉత్తరాది సైన్యపు కోటు తొడుక్కుని, నడుముకు బాకు దోపుకుని, ఎడమచేత్తో తుపాకీ పట్టుకుని ఉంటాడు. అందుకే ఆ ఫోటో తరానికొక పుర్రచేతి మనిషికి చెందుతూ వచ్చింది. మేవిస్, రాయిస్‌ల అమ్మ ఒడెల్లాకు అలాగే దక్కింది. తర్వాత వంతు రాయిస్‌ది. చేపల ఎరలమ్మే తన కొట్లో, వానపాముల డబ్బాల పైన తగిలిస్తానని వాడు అప్పుడే మేకు కూడా కొట్టాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఫోటో దుమ్ము తుడిచింది మాత్రం మేవిస్.

ఇవాళ ఆమె ఊరుకోలేదు. ఫోటో దించి, తల్లి చేతిలో భూతద్దం పెట్టింది.

"తుపాకీకి గుండు పేల్చే సుత్తి ఏ పక్కనుందమ్మా?"

"ఎడమ పక్క."

"ఆ సైనికుల తుపాకులకి అది కుడి పక్కనుండాలి. కోటు బొత్తాలు కూడా చూడు, ఆడవాళ్ల కోటుకున్నట్టు ఎడమ అంచునున్నాయి."

"మా ముత్తాత ఆడవాళ్ల కోటు తొడిగాడంటావుటే?"

"ఆయన సరిగ్గానే తొడిగాడు. రేకు మీద బొమ్మ అద్దంలోలాగా తిరగబడుతుంది. ఆయనది కుడిచేతి వాటమమ్మా."

ఒడెల్లా సంచీలోంచి చేతి అద్దం తీసింది. ఫోటోను అందులో చూసింది. సుత్తి కుడికొచ్చింది, బొత్తాలు మగవాళ్ల కోటుకున్నట్టు కుడి అంచుకొచ్చాయి, తుపాకీ కుడిచేతికి మారింది.

"నడుముకున్న ఆ బాకైనా ఆయనదేనా?" అంది నీరసంగా.

"ఫోటోలు తీసేవాడిది. పిడి విరిగిన అదే బాకు, లైబ్రరీలోని ఫోటోల్లో ఇంకో ముగ్గురి నడుములకుంది."

"ప్యాంటన్నా సొంతమేనా?" అన్నాడు రాయిస్.

ఎవరూ నవ్వలేదు. అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఒడెల్లా తన ఎడమచేత్తోనే పంది తొడ మాంసం కోసి, మొదటి ముక్క మేవిస్ పళ్లెంలో వేసింది.

"ఫోటో మేవిస్‌ది."

"అదెలా? మనింట్లో కుడిచేతివాళ్లు పదకొండు మందున్నారు!"

"ఉన్నార్రా. కళ్లున్నది దీనికొక్కదానికే. నీ కుర్చీ నువ్వే ఉంచుకో, రొట్టెలిటు తే."