పదకొండో తారీఖు విమానం

కలప కంపెనీ దొరకి జర్మనీ విమానాల పిచ్చి. అదీ మామూలు పిచ్చి కాదు. పద్దెనిమిదిలో యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళయినా ఇంకా వాటి తోకలూ రెక్కలూ పట్టుకునే వేలాడుతున్నాడు. బస్రా అవతల ఎడారిలో ఒక విమానాల మైదానానికి అప్పట్లో ఆయనే అధికారి. చేతికి చిక్కిన శత్రువుల విమానాలన్నిటికీ ఫోటోలు తీయించి దాచుకున్నాడు. ఇప్పుడు వాటితో పుస్తకం వేస్తాడట. ఆ ఫోటోల గాజు పలకలన్నీ మోయించుకొచ్చి, రంగూన్లో లమ్మడా వైపున్న ఫోటో స్టూడియోలో బుల్లియ్య బల్ల మీద పెట్టించాడు.

ఫోటోలు దిద్దడంలో బుల్లియ్య మొనగాడు. దొర అతనికి రెండు పనులు చెప్పాడు. ఏ ఫోటో మైదానం రిజిస్టరులో ఏ తారీఖుదో జత కలపాలి. ఆ తరవాత, విమానాలకి అడ్డంగా నిలబడ్డ కూలీలను రంగు పూసి మాయం చెయ్యాలి.

జత కలపడం అంత సులువేం కాదు. విమానాల మీద నంబర్లున్న గుడ్డ ముక్కలను గుర్తుగా ఉంచుకుంటామని, ఫోటో తియ్యకముందే సోల్జర్లు కోసుకుపోయారు. అందుకని దొర కొయ్యల గుర్తు నేర్పాడు. హాల్బర్‌స్టాట్ రకం విమానమైతే పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య కొయ్యలు దేనికది విడిగా నిలబడతాయి. ఆల్బట్రాస్ రకమైతే రెండేసి కొయ్యలు కిందికొచ్చి, తెరిచిన అడకత్తెరలా ఒకే చోట కలుస్తాయి.

మూడో రోజున ఆ అడకత్తెర కొయ్యల విమానం కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే, కింది రెక్క పట్టుకుని గోవిందు నిలబడి ఉన్నాడు. ఎడమ చెవి తమ్మె లేదు. రేవులో బస్తాల కొక్కెం తగిలి ఊడిపోయింది అది. సందేహమే లేదు, వాడే.

గోవిందు బుల్లియ్య చెల్లెలు చిన్నతల్లి మొగుడు. రేవు పని వదిలి కూలీ పటాలంతో బస్రా వెళ్ళాడు. పద్దెనిమిదో సంవత్సరం జూన్ ఏడున పారిపోయాడని కాయితం వచ్చింది. అక్కడెవత్తెనో తగులుకున్నాడని కూలీ లైన్లన్నీ కోడై కూశాయి. పరువు పోయిందని అందరికంటే ఎక్కువ తిట్టింది బుల్లియ్యే. పారిపోయే మనిషి కాదు, చచ్చిపోయుంటాడు, దినాలు జరిపించండని చిన్నతల్లి మొత్తుకుంటే, బతికున్నోడికి దినాలేటని కులపెద్ద కూర్మనాథం కసిరాడు. ఎనిమిదేళ్ళుగా ఆమె అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. పేరంటానికి పిలిచేవాళ్ళు లేరు, పలకరించి ఏడ్చేవాళ్ళూ లేరు.

బుల్లియ్య రిజిస్టరు మొదలునించి చివరికంటా తిరగేశాడు. ఆ మైదానానికి వచ్చిన ఆల్బట్రాస్ ఒక్కటంటే ఒక్కటే. అదీ ఆ పద్దెనిమిదో సంవత్సరమే, జూన్ పదకొండున. ఫోటో అయ్యాక షెడ్డుకి లాగుతుంటే పెట్రోలు ట్యాంకు అంటుకుని విమానం కాలిపోయింది. వేరే నష్టం లేదు అని రాసుంది.

నష్టం లేదట! బుల్లియ్యకి ఒళ్ళు భగ్గున మండింది. కుంచె ఎత్తి ఆ దిక్కుమాలిన విమానాన్నే పులిమేద్దామనుకున్నాడు. అంతలో చెయ్యి ఆగింది. ఆ రోజు గోవిందు అక్కడున్నాడని చెప్పేవి లోకంలో ఆ కొయ్యలే. పళ్ళు కొరుక్కుంటూ ఫోటో అచ్చు తీశాడు.

మర్నాడు దొర వచ్చాడు. ఏ విమానమో, ఏ తారీఖో ఫోటో కింద రాసిమ్మని బుల్లియ్య వినయంగా అడిగాడు. దొర మురిసిపోయి, అనుమానానికి తావే లేదంటూ రాసి సంతకం కూడా గీకాడు. అప్పుడు బుల్లియ్య గోవిందు మీద వేలు పెట్టాడు.

"ఏడో తారీఖున పారిపోయినోడు పదకొండున రెక్కెలా పట్టుకున్నాడు, దొరా?"

దొర మొహం మాడిపోయింది. తన సంతకమే ఎదురుగా ఉండేసరికి విషయం కక్కాడు. ఫోటో తొందరలో ట్యాంకు ఖాళీ చేయించలేదు. విమానంతో పాటు ఆ కూలీ కూడా కాలి చచ్చాడని రాస్తే విచారణ వచ్చిపడేది. అందుకని నాలుగు రోజులు వెనక్కి జరిపి, పారిపోయాడని కాయితం రాయించాడు. ఇప్పుడవన్నీ ఎందుకు, శనివారానికల్లా ఆ కూలీని తుడిచిపెట్టమన్నాడు.

బుల్లియ్య తుడవలేదు. తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, ఫోటో చంకన పెట్టుకుని బయటపడ్డాడు. రేపట్నించి పనిలోకి రావద్దని స్టూడియో యజమాని వెనకనించి అరుస్తున్నా లెక్కచెయ్యలేదు.

చిన్నతల్లి బియ్యం మిల్లు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. బుల్లియ్య ఆయాసపడుతూ అంతా చెప్పాడు. రేపు పంచాయితీ పెట్టించి ఈ ఫోటో కూర్మనాథం మొహాన కొడతానన్నాడు. దినాలు చేయించి తీరతానన్నాడు. దొరని కోర్టుకీడుస్తానన్నాడు. ఆమె ఫోటో ఒళ్ళో పెట్టుకుని కూచుని, అతను చెప్పడం అయ్యాక తలెత్తింది.

"దొరకి మీ బావ ఎవుడు? ఆడు అబద్దం రాసినాడు, సరే. నువ్వు ఒక్క కంచంలో తిన్నోడివి. ఆ కాయితం రాగానే పెళ్ళి ఫోటోలోంచి మీ బావ మొకం కత్తెట్టి గీకీసినావు. నాకున్నదది ఒక్కటే, వద్దన్నియ్యా అని కాళ్ళట్టుకున్నాను. ఇన్నావేటి?"

బుల్లియ్య ఫోటో వైపు చెయ్యి చాచాడు.

చిన్నతల్లి దాన్ని అతని చేతికి అందకుండా అవతలికి జరుపుకుంది.