తంబాకు వాసన లేని చాయ్

సిద్ధరాములు అనుమానపు మనిషి కాడు. కావాలంటే నీలం నగర్‌లో ఎవరినైనా అడగండి. వాళ్లు నవ్వుతారు, అది వేరే సంగతి.

ఆ పొద్దున చాయ్ నోట్లో పోసుకోగానే తేడా తెలిసింది. వాసన లేదు. పెళ్లయిన నాటి నుంచి భార్య చంద్రభాగ బీడీలు చుట్టిన చేత్తోనే చాయ్ పెడుతోంది. అందులో తంబాకు వాసన ఉండితీరాలి. అతను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, ఇష్టంగానే తాగాడు. మొన్న జోడ్‌భావి పేట్‌లో మేనకోడలు మయూరి కొడుకు బారసాలలో మాత్రం, "మా ఇంటి లడ్డు తింటె బీడీ తాగినట్టే" అని చిన్న ముచ్చట ఆడాడు. అందరూ నవ్వారు. చంద్రభాగ కూడా నవ్వే ఉంటుంది. అతను అటు చూడలేదు.

కార్ఖానాకు వెళ్లాక పక్క మగ్గం మీద టవళ్లు నేసే ఆంజనేయులుకు విషయం చెప్పాడు. మరమగ్గాల మోతలో రహస్యమైనా అరిచే చెప్పాలి.

"వాసన పోయిందా బావా? అయితె దాని జాగల ఇంకేందో వచ్చి ఉంటది."

"ఏమొస్తది?"

"సీరియల్ల చూస్తలేవా? మొదలు చాయే మారుస్తరు. నీకు బీమా ఉన్నదా?"

"ఉన్నది."

"ఇగ అయిపాయె."

ఆంజనేయులు నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ పూటంతా సిద్ధరాములు మగ్గం మీద దారాలు తెగుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం చాయ్ వేళకు మగ్గం ఆపేసి, చప్పుడు కాకుండా ఇంటికి వచ్చాడు. వాకిట్లో చాట, ఆకు, తంబాకు ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే బీడీలు మానలేదు. మరి వాసన ఎటు పోయింది? వంటింటి కిటికీలోంచి తొంగి చూశాడు. చంద్రభాగ రెండు చేతులకూ రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని చక్కెర వేస్తోంది. వేలిముద్రలు పడకుండా అన్నమాట.

ధైర్యవంతుడు కాబట్టి పారిపోలేదు. కాళ్లు కదలకపోవడం కూడా అందుకు కొంత సాయం చేసింది.

"వచ్చినవా? మంచి టైముకే వచ్చినవ్" అని ఆమె రెండు కప్పులు తెచ్చి పెట్టి, ఖారీ బిస్కెట్ల కోసం లోపలికి వెళ్లింది. సిద్ధరాములు చటుక్కున కప్పులు మార్చేశాడు. తిరిగొచ్చిన చంద్రభాగ కప్పుల వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. కప్పులు మళ్లీ మార్చింది.

"ఇందుల ఏం కలిపినవ్?" అంది.

తను అడగాల్సిన మాట అది.

"నేనా? కలిపింది నువ్వు."

"మరి కప్పులెందుకు మార్చినవ్? నేను పోతె ఇంకోదాన్ని తెచ్చుకుందామనా?"

"పోయేది నేనే గదనే. ఆ గ్లోవ్స్ ఏంది, ముందు అది చెప్పు."

చంద్రభాగ గ్లోవ్స్ ఊడదీసి అతని ఒళ్లో పడేసింది. "అశోక్ చౌక్ల కొన్న. నలుగుర్ల నా చేతులు వాసనంటివి గద. మీ అక్క నేను చేసిన లడ్డు పక్కకు పెట్టింది. చూసినవా?"

"నేనట్ల అన్లే."

"అన్నవ్."

"ముచ్చటకన్న."

"నేను గూడ ముచ్చటకే ఏసుకున్న."

అటు చూడలేదన్నది అబద్ధం. చూశాడు. అందరూ నవ్వుతుంటే ఆమె చేతులు కొంగులో దాచుకుంది. అది చూసి కూడా, నవ్వు బాగా వచ్చిందని అదే ముచ్చట రెండోసారి చెప్పాడు.

"చల్లారింది. ఇగ చాయ్ నువ్వే పెట్టు" అని చంద్రభాగ చాట ముందుకు లాక్కుంది.

పాలు ఒకసారి పొంగిపోయాయి. చక్కెర వేశాడో లేదో గుర్తులేక మళ్లీ వేశాడు. తెచ్చి ఇస్తే ఆమె ఒక గుక్క తాగి, కప్పును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మగ్గం నూనె వాసనొస్తున్నది."

సిద్ధరాములు తన గోళ్లు చూసుకున్నాడు. నల్లగా ఉన్నాయి. "పారబోస్తవా?"

"ఎందుకు? మంచిగున్నది." ఇంకో గుక్క తాగింది. "బారసాలల చెప్పను లే, భయపడకు."

బీడీ చుట్టిన వేళ్లతోనే ఖారీ విరిచి సగం అతని చేతిలో పెట్టింది. గుప్పుమని తంబాకు వాసన. సిద్ధరాములు అది నమిలి మింగి, మిగిలిన సగానికి కూడా చెయ్యి చాపాడు.