రాయి కింద కాగితం

కొండ సంఘంలో తాక్ గిజున్ పని అందరికంటే వెనక నడవడం. పదకొండేళ్లుగా అదే పని. వొంజు ఊరి సంఘం నెలకో శనివారం బస్సు మాట్లాడుకుని ఏదో ఒక కొండకు వెళ్తుంది. ముందు నడిచే లీడరు నామ్ దోయిల్ దారి చీలిన ప్రతిచోటా బాణం గుర్తున్న కాగితాన్ని నేల మీద పరిచి, పైన రాయి పెడతాడు. మిగతావాళ్లు ఆ బాణం చూసి నడుస్తారు. చివర వచ్చే గిజున్ కాగితం తీసి జేబులో పెట్టుకుంటాడు. కాగితం తీశాడంటే వెనక ఎవరూ లేరని. సంఘంలో అందరూ అతన్ని తోకన్న అంటారు.

అక్టోబరు మూడో శనివారం సొరాక్ కొండకు వచ్చారు. లోయలో మేపుల్ ఆకులు ఆ వారమే ఎర్రబడ్డాయని టీవీలో మ్యాపు చూపించారు. బస్సులో నలభై రెండు మంది. మొదటి జట్టు కొండ మీది కనుమ దాటి, జలపాతాల పక్కనుంచి అవతల ఓసెక్ ఊరికి దిగుతుంది. రెండో జట్టు ఓసెక్‌లోనే వాగు ఒడ్డున కాసేపు తిరిగి, హోటల్లో బియ్యపు కల్లు తాగుతూ ఎదురుచూస్తుంది. బస్సు నాలుగున్నరకు బయల్దేరాలి. ఆకుల రోజుల్లో ఐదు దాటితే రోడ్డు కదలదు.

గిజున్‌కు అరవై ఆరేళ్లు. జులై నుంచి ఎక్కుడు దారిలో ఊపిరి అందడం లేదు. గుండెకు వెళ్లే రక్తనాళం ఒకటి సన్నబడిందని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాశాడు, కొండలు మానమన్నాడు. గిజున్ మాత్రలు మాత్రం వేసుకుంటున్నాడు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెప్పిన రోజునే రెండో జట్టులో వేస్తారు. వెనక నడిచేవాడు నెమ్మదిగా నడిస్తే ఎవరికీ అనుమానం రాదు. తనకంటే నెమ్మదిగా నడిచే మనిషి ఒకరు ముందుంటే చాలు.

ఆ మనిషి పే ఓక్‌బున్. డెబ్భై ఒకటో ఏడు. కూరలూ పచ్చళ్లూ అమ్మే కొట్టు ఆమెది. కొట్టు గోడకు అంటించుకోవడానికి ఆకులు ఏరుతూ నడుస్తుంది. ఏరిన ఆకును తన ఊదా టోపీలో వేసుకుని, తనతో వచ్చినవాళ్లను ముందు పొమ్మంటుంది.

కనుమ దాకా ఎక్కడానికి గిజున్‌కు రెండున్నర గంటలు పట్టింది. ఓక్‌బున్ పది అడుగుల ముందే ఉంది. కనుమ మీద అందరూ కింబాప్ అన్నపు చుట్టలు తిన్నారు. దిగుడు మొదలైన తరవాత అతను ఒక మలుపులో ఆగి, మాత్ర నాలుక కింద పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు. పది నిమిషాలకు లేచేసరికి ముందు ఎవరూ లేరు.

ఒకటీ పదికి దారి మూడుగా చీలింది. ఒకటి ఓసెక్‌కు. ఒకటి శిఖరం వైపు. ఆ దారిలో నాలుగు గంటల నడక దాకా తలదాచుకునే గూడు లేదు. మూడోది కన్నెమడుగు జలపాతానికి దిగే మెట్లు, నూట ఎనభై. రాయి కింద కాగితం మీద బాణం ఓసెక్ వైపు ఉంది. జలపాతం చూడాలనుకున్నవాళ్లు చూసి రావచ్చని దోయిల్ పొద్దున బస్సులోనే చెప్పాడు. వాళ్లందరూ పైకి వచ్చారో లేదో దిగి చూడడం తోక పని.

గిజున్ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. మెట్ల మీద ఆకులు తడిసి ఉన్నాయి. ఓక్‌బున్ అక్కా అని పిలిచాడు. విజిల్ రెండుసార్లు ఊదాడు. నీళ్ల హోరు తప్ప ఏమీ వినిపించలేదు. దిగితే మళ్లీ ఎక్కాలి. ఆమె ముందే వెళ్లి ఉంటుందనుకున్నాడు. వెనక్కి వచ్చి, రాయి ఎత్తి, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

వాకీటాకీలో దోయిల్ అడిగాడు, తోక ఎక్కడ అని. చీలిక దాటాను, వెనక ఎవరూ లేరు అని గిజున్ చెప్పాడు.

చెప్పాక నడక సాగలేదు. ఇరవై అడుగులు వేసి ఆగేవాడు, వెనక్కి చూసేవాడు. మళ్లీ ఇరవై అడుగులు. ఎదురుగా ఊదా టోపీ కనిపించిన ప్రతిసారీ అడుగులు వేగం చేసేవాడు. దగ్గరికి వెళ్తే వేరే సంఘం మనిషి. జేబులో కాగితాన్ని రెండుసార్లు తీసి చూశాడు.

వంతెన మీద తమ జట్టులోని ఇద్దరు ఆడవాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. ఓక్‌బున్ అక్క వెళ్లిందా అని అడిగాడు.

“అదేంటి తోకన్నా, ఆమెను చూసుకునేది నువ్వు కదా. పారేసుకున్నావా?” అని ఒకామె నవ్వింది.

రెండో ఆమె, ఓక్‌బున్ జలపాతం కింద ఆకులు ఏరుతుంటే తాము పైకి వచ్చేశామని చెప్పింది. గిజున్ చేతికర్ర పైన మరిచిపోయానన్నాడు. కర్ర అతని చేతిలోనే ఉంది. వాళ్లు దాన్ని చూశారు. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు.

టైము రెండు. చీలిక దాకా కిలోమీటరు, అంతా ఎక్కుడే. ఓక్‌బున్‌కు దారి తెలియదు. పదకొండేళ్లలో ఏ కొండలోనూ ఆమె బోర్డులు చదవలేదు, బాణం చూసే నడిచింది. ఫోన్ ఈ లోయలో పలకదు. శిఖరం దారి పట్టిందంటే చీకటి పడేది అక్కడే. వాకీటాకీ మీటను వేలితో తడిమాడు, నొక్కలేదు. ముందు తను చూసి వస్తే చాలు, ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాడు.

మూడు వందల అడుగులు ఎక్కాడు. ఛాతీ పట్టేసింది. బండ మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. పైనుంచి దిగుతున్న ఇద్దరిని అడిగాడు. వాళ్లకు ఊదా టోపీ కనిపించలేదు. రెండూ ఇరవై ఐదుకు మీట నొక్కాడు.

“దోయిల్, విను. నేను మెట్లు దిగి చూడలేదు. చూడకుండానే కాగితం తీసేశాను. ఓక్‌బున్ అక్క పైనే ఉండిపోయింది. నా గుండె బాగాలేదు, జులై నుంచి. ఎక్కలేను. కాళ్లున్నవాళ్లను పంపు.”

అవతల దోయిల్ ఎవరినో పేర్లు పెట్టి పిలవడం వినిపించింది.

“ఇద్దర్ని పంపుతున్నా. అన్నా, నువ్వు కూర్చున్నచోటే కూర్చో. లేవకు,” అన్నాడు దోయిల్.

గిజున్ కూర్చోలేకపోయాడు. నిలబడి మలుపు వైపు చూస్తూ ఉన్నాడు. పావు గంట తరవాత మలుపులో ఊదా టోపీ కనిపించింది. ఓక్‌బున్ టోపీని తల మీద కాకుండా చేతిలో పట్టుకుని వస్తోంది. దాని నిండా ఆకులు.

“రాయి ఉంది, కాగితం లేదు. పదకొండేళ్లలో ఎప్పుడైనా ఇలా జరిగిందా?” అంది. గొంతులో కోపం ఉంది.

దారి ఎలా తెలిసిందని అతను అడిగాడు. ఆమె అతని చేతికర్రను చూపించింది. దాని మొనకున్న రబ్బరు తొడుగు ఊడిపోయి ఏడాది అయింది. మిగతావాళ్ల కర్రల్లా కాకుండా నేలలో గుంట సన్నగా పడుతుంది.

“ఆ గుంటలు చూసుకుంటూ వచ్చాను. ఇరవై అడుగులకోసారి ఒకేచోట నాలుగైదు. దిగుడు దారిలో అన్నిసార్లు ఆగుతారా ఎవరైనా? ఊపిరి ఆడటం లేదా నీకు?”

“ఎక్కేటప్పుడు ఆడదు అక్కా. అక్కడ ఆగింది అందుకు కాదు. నువ్వు వస్తున్నావేమోనని.”

ఆమె అడుగునున్న నీళ్ల సీసా కోసం సంచి కింద పెట్టి వెతికింది. సీసా తీసి అతనికి ఇచ్చింది. మెట్లు ఎందుకు దిగలేదని అడగలేదు. అతనే చెప్పాడు. వాకీటాకీలో చెప్పేసిన సంగతి కూడా చెప్పాడు.

“పావు గంట ఓపిక పడితే నేను వచ్చేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు.”

“నువ్వు వస్తావని నాకేం తెలుసు?”

ఓక్‌బున్ సంచి భుజాన వేసుకుంది. అతన్ని ముందు నడవమంది. తోక ముందు నడవదని గిజున్ అన్నాడు.

“నడు తమ్ముడూ. నిన్ను వెనక పెట్టుకుని నేను దిగలేను.”

అతను నడిచాడు. వెనక అడుగుల చప్పుడు కొత్తగా ఉంది. ప్రతి మలుపులో తిరిగి చూశాడు. చూసిన ప్రతిసారీ ఆమె చేత్తో పొమ్మని సైగ చేసింది.

కింద వాగు దగ్గర ఆఖరి చీలిక వచ్చింది. కాగితం రాయి కింద ఉంది. దోయిల్ పంపిన ఇద్దరు కుర్రాళ్లు పైకి వస్తూ అప్పుడే అక్కడికి చేరారు. గిజున్ వంగబోయాడు. ఓక్‌బున్ అతని మోచేయి పట్టుకుని ఆపింది.

అతను ఆ ఇద్దరితో కలిసి ముందుకు వెళ్లాడు. ఓక్‌బున్ వెనక దారి వైపు ఒకసారి చూసి, రాయి పక్కకు జరిపి, కాగితం తీసి తన జేబులో పెట్టుకుంది.