రెండువందల పద్నాలుగో భాగం

డబ్బింగ్ థియేటర్లో ఆవిణ్ణి అందరూ ఏడుపక్క అంటారు. ముఖం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. పాతికేళ్లుగా సీరియళ్లలో ఎంతమంది అందగత్తెలు ఏడ్చారో, అందులో సగం ఏడుపు ఈవిడ గొంతులోంచి వచ్చిందే. కన్నీళ్లు వాళ్లవి, గొంతునొప్పి ఈవిడది.

అవార్డులన్నీ ఎగరేసుకుపోయిన ఒక పాత సీరియల్‌ని ఛానల్ మళ్లీ వేస్తోంది. అప్పట్లో అది వచ్చే వేళకి వీధులు ఖాళీ అయ్యేవి. రెండువందల పద్నాలుగో భాగంలో ఈవిడ మాటల టేపు పాడైందని, ఆ ఒక్కటీ మళ్లీ చెప్పమని ఆవిణ్ణి పిలిచారు. ఆరేళ్లు పత్తా లేకుండా పోయిన మొగుడు తిరిగొస్తే, హీరోయిన్ తలుపు తీసి, "రండి, అన్నం చల్లారిపోతోంది" అనే సీను. జనం కడివెడు కన్నీళ్లు కార్చిన సీను.

ఆవిడకి ఆ సీనంటే ఒకలాంటి బెరుకు. ఇరవై రెండేళ్ల కిందట ఆ మాట రికార్డు చేసిన వారంలోనే ఆవిడ సొంత మొగుడు, ఎనిమిది నెలలు ఇంకో ఇంట్లో కాపురం వెలగబెట్టి, పెట్టె పట్టుకుని గుమ్మంలో దిగాడు. కడిగెయ్యాలని ఆవిడ దాచుకున్న మాటలు బోలెడు. కానీ ముప్పై ఎనిమిది టేకులు చెప్పి చెప్పి నోట్లో నానిన మాట ఒక్కటే బయటికొచ్చింది. "రండి, అన్నం చల్లారిపోతోంది." ఆయన వచ్చాడు, తిన్నాడు, సంసారం గాడిలో పడింది. తను చేసింది గొప్ప పనేనని ఆవిడ ఇన్నాళ్లూ నమ్మింది. లోకమంతా చప్పట్లు కొట్టిన సీను తప్పెలా అవుతుంది?

"ముందోసారి మొత్తం చూస్తావా అక్కా?" అన్నాడు సౌండ్ ఇంజినీరు. అప్పుడు రికార్డు చేసిందీ ఆయనే. అప్పుడు జుట్టుండేది.

"ఎప్పుడూ చూడనేలేదు. ఏదీ, వెయ్యి."

నిజమే. డబ్బింగ్ చెప్పేవాళ్లు సీను చూడరు. హీరోయిన్ పెదాలు చూస్తారు, అదీ ముక్కలు ముక్కలుగా. పొద్దంతా ఏడ్చి ఇంటికెళ్లాక, మళ్లీ అదే ఏడుపు టీవీలో వినే ఓపిక ఎవరికుంటుంది?

ఈసారి ఆవిడ కుర్చీలో జారగిలబడి, మొదటిసారిగా ఆ మగమనిషిని చూసింది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఎక్కడికెళ్లాడో చెప్పలేదు. తప్పయిందనలేదు. కనీసం తలైనా దించుకోలేదు. లోపలికొచ్చి కూర్చుని కంచం ముందుకి లాక్కున్నాడు. వయొలిన్లు మాత్రం వెనకనుంచి ప్రాణం పోయేలా మోగిపోతున్నాయి.

"దీన్నా మనం నెత్తిన పెట్టుకుంది?" అంది.

"ఏం చెప్పమంటావ్ అక్కా! మొన్న మా ఆవిడతో కూర్చుని మొదట్నుంచీ చూద్దామనుకున్నా. పదో భాగంలోనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పట్లో దీనికోసం నాతో దెబ్బలాడిన మనిషి!"

ఆవిడ మైకు ముందు నిలబడి తొమ్మిది టేకులు చెప్పింది. పెదాలతో మాట కుదిరింది గానీ ఏడుపు రాలేదు. పాతికేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. ఆవిడకి ఏడుపు రానందుకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంజినీరు ఇంక చాల్లే అక్కా, సంగీతం పెంచేస్తా అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భర్త టీవీ ముందున్నాడు.

"మన సీను ఎలా వచ్చింది?" అని అడిగాడు. ఆయనకది మన సీనే. పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా తలుచుకుని మురిసిపోతాడు.

"బాలేదండీ."

"అదేంటి! ఆ ఒక్క మాట పట్టుకునే కదా నేను ఇన్నేళ్లూ బతికింది."

"అది నా మాట కాదు. రైటర్ రాసింది. నోటికొచ్చి ఉంది, అనేశాను."

ఆయన టీవీ గొంతు తగ్గించాడు. "మరి నువ్వేమనాలనుకున్నావు?" అన్నాడు.

"నేనేం తక్కువ చేశానని వెళ్లారు అని అడగాలనుకున్నా."

"ఇప్పుడడుగు. చెప్తాను."

ఆవిడ ఆయన్ని చూసింది. కనుబొమలు కూడా నెరిసిపోయాయి. చెప్పడానికి నిజంగానే సిద్ధపడ్డాడు, పాపం. ఆవిడకి జాలేసింది. కానీ ఆ జవాబు కావాలన్న కోరిక కోసం తనలో ఎంత వెతుక్కున్నా, అది ఎక్కడా దొరకలేదు.

"వద్దులెండి. నాకిప్పుడు అక్కర్లేకుండా పోయింది" అంది.

కోపంగా అనుంటే ఆయన ఏదో ఒకటి చెప్పి బతిమాలుకునేవాడు. ఆవిడ లోపలికెళ్లి మంచమ్మీద వాలింది. ఆయన టీవీ కట్టేసి అక్కడే కూర్చుండిపోయాడు.